ఉత్తమ అధ్యాపక అవార్డు: శాలువా కప్పే ముందు చదవాల్సిన ఆరు పేజీలు

సెప్టెంబరు 5 వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కాలేజీలన్నింటిలోనూ దాదాపు ఒకేలాంటి సభ జరుగుతుంది. రాధాకృష్ణన్ పటానికి పూలదండ, జ్యోతి ప్రజ్వలన, నలుగురైదుగురు అధ్యాపకులకి శాలువా, మెమెంటో, గ్రూపు ఫొటో. మర్నాడు స్టాఫ్ రూములో "ఇంతకీ ఆయనకి ఎందుకిచ్చారు?" అని ఒకరు అడిగితే జవాబు చెప్పగలిగేవాళ్లు ఉండరు. తీసుకున్నాయన కూడా చెప్పలేరు. ఆ ప్రశ్నకి జవాబు దొరికేలా ఒక కాలేజీ అవార్డు పద్ధతిని ఎలా మార్చుకుందో చెప్పే కేసు స్టడీ ఇది.

ఇందులోని కాలేజీ శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ, పీజీ కోర్సులు నడిపే స్వయంప్రతిపత్తి సంస్థ. ఈ ప్రాంతంలో ఒకటికి మించిన చోట్ల కనిపించే పరిస్థితుల్ని ఒకచోట పేర్చి రాశాం కాబట్టి పేరు పెట్టలేదు. మార్కుల లెక్కలు పద్ధతి తెలియడానికి వేసిన ఉదాహరణలు. పిల్లలు ఇచ్ఛాపురం నుంచి పాలకొండ దాకా రకరకాల ఊళ్లవాళ్లు. చాలామంది బస్సు పాసు మీద వచ్చేవాళ్లు, ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు. సీతంపేట వైపు నుంచి వచ్చే సవర గిరిజన పిల్లలకైతే తెలుగే రెండో భాష. బోధించేవాళ్లలో రెగ్యులర్ అధ్యాపకులతో పాటు కాంట్రాక్టు, గెస్ట్ ఫ్యాకల్టీ కూడా ఉన్నారు. మొదటి ఏడాది సెక్షన్లు ఎక్కువగా వాళ్ల చేతిలోనే ఉంటాయి.

పాత ఫైళ్లలో ఏముంది

పాత పద్ధతి తేలిక. ప్రతి డిపార్ట్‌మెంటు హెచ్‌ఓడీ (శాఖాధిపతి) ఒక పేరు పంపుతారు, ప్రిన్సిపాల్ గదిలో అరగంట మీటింగు జరుగుతుంది, జాబితా బయటికొస్తుంది. ఆ ఫైళ్లు తీసి చూస్తే ఒక్కో బయోడేటా ముప్పై, నలభై పేజీలు. పరిశోధనా పత్రాలు, సెమినార్ సర్టిఫికెట్లు, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు ఫొటోలు, సర్వీసు వివరాలు. పాఠం గురించి ఒక్క పేజీ లేదు. ఏ యూనిట్ ఎలా చెప్పారో, పిల్లలు ఎక్కడ తడబడ్డారో, ఆ తడబాటు చూసి ఏం మార్చారో ఎక్కడా లేదు. జాబితాలు వరసగా పక్కపక్కన పెడితే ఇంకోటి బయటపడింది: అవార్డు డిపార్ట్‌మెంట్ల మధ్య వంతులవారీగా తిరుగుతోంది. "ఈసారి కెమిస్ట్రీ వంతు" అని అందరికీ ముందే తెలుసు.

దీనికి ఎవరి దుర్బుద్ధీ కారణం కాదు. బయటి కొలతలన్నీ అటే నెడతాయి. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018 నిబంధనల్లో బోధనకి ఇచ్చిన కొలత ఒకటే: అప్పగించిన క్లాసుల్లో ఎన్ని తీసుకున్నారు. 80 శాతం, ఆపైన ఉంటే 'మంచిది', 70 నుంచి 80 లోపు 'సంతృప్తికరం'. పరిశోధనకి మాత్రం పత్రానికింత, పుస్తకానికింత, గైడ్ చేసిన పీహెచ్‌డీకింత అని వివరమైన పట్టిక ఉంది. క్లాసు జరిగిందా లేదా అన్నది ఆ శాతం చెబుతుంది, పాఠం పిల్లవాడికి చేరిందా అన్నది చెప్పదు. లెక్క ఎటు ఉంటే ఫైలు అటే బరువెక్కుతుంది.

మరోపక్క కాలేజీల నాణ్యతని మదింపు చేసే న్యాక్ తన 2017 నాటి మాన్యువల్‌లో 1000 మార్కుల్లో బోధన–అభ్యసన–మూల్యాంకనానికి స్వయంప్రతిపత్తి కాలేజీలకి 300, యూనివర్సిటీకి అనుబంధంగా నడిచే (అఫిలియేటెడ్) కాలేజీలకి 350 కేటాయించింది. జాతీయ ఉపాధ్యాయ పురస్కారాల్ని 2023 నుంచి ఉన్నత విద్యకీ విస్తరించారు. ఆ ఏడాది ఎంపికైన 75 మందిలో 13 మంది ఉన్నత విద్యారంగం వాళ్లు. పురస్కారం అంటే ప్రశంసాపత్రం, 50,000 రూపాయలు, వెండి పతకం. అంటే పైనుంచి అడుగుతున్నారు. కింద చూపించడానికి కాగితం లేదు.

కొత్త నిబంధనలు

మొదట తీసేసినవి చెప్పాలి. సర్టిఫికెట్లు లేవు. పరిశోధనకి మార్కులు సున్నా. దీని మీద స్టాఫ్ కౌన్సిల్‌లో పెద్ద గొడవే జరిగింది. సీనియర్ల వాదన: "పరిశోధన లేని బోధన ఎండిపోతుంది." నిజమే. అయితే ఆ తడి క్లాసులో కనిపించాలి, కనిపిస్తే పరిశీలకులు రాస్తారు. పత్రాల లెక్కకి ప్రమోషన్లున్నాయి, ప్రోత్సాహకాలున్నాయి. పాఠానికి ఉన్నది ఈ ఒక్క అవార్డే. అందులోనూ సగం పరిశోధనకి ఇస్తే రెండేళ్లలో మళ్లీ పాత జాబితాయే వస్తుంది.

దరఖాస్తు ఆరు పేజీలు మించకూడదు. రెండు పేజీల్లో అధ్యాపకుడి మాట: ఏ సబ్జెక్టులో ఏ చిక్కు ఎదురైంది, ఏం చేశారు, ఎలా తెలిసింది. ఒక పేజీలో ఒకే యూనిట్ లెసన్ ప్లాన్ రెండు రూపాలు, మార్చకముందు, మార్చాక. ఒక పేజీలో సొంతంగా తయారుచేసిన ప్రశ్నపత్రం. ఒక పేజీలో దిద్దిన అసైన్‌మెంట్లు మూడు, చిన్నవి చేసి జిరాక్స్ తీసినవి: బాగా రాసిన పిల్లవాడిది, మధ్యరకందీ, బాగా వెనకబడ్డవాడిదీ. చివరి పేజీ ఫీడ్‌బ్యాక్ సారాంశం. మూడు అసైన్‌మెంట్ల పేజీయే అన్నింటికన్నా పదునైనది. ఎర్ర సిరాతో ఒట్టి టిక్కులు, కింద ఒక అంకె ఉన్నాయా? లేక "ఈ మెట్టు దగ్గర గుర్తు మారింది, మళ్లీ చెయ్యి" అని ఉందా? వెనకబడ్డవాడి కాగితం మీద ఏం రాశారో చూస్తే ఆ మనిషి మాస్టారుతనం తెలిసిపోతుంది.

మార్కులు వందకి ఇలా పంచారు: పిల్లలు నేర్చుకున్నదానికి ఆధారాలు 30, క్లాసు పరిశీలన 25, కోర్సు తయారీ, ప్రశ్నపత్రాలు 20, విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ 15, క్లాసు బయట పిల్లలకి అందే సాయం 10. అర్హత: అదే కాలేజీలో వరసగా రెండు సెమిస్టర్లు పాఠం చెప్పి ఉండాలి. అంతే. రెగ్యులరా, కాంట్రాక్టా, గెస్టా అన్నది అడగరు. గెస్ట్ ఫ్యాకల్టీకి విడిగా అవార్డు పెడదామన్న ప్రతిపాదన వచ్చింది కానీ, అది రెండో పంక్తి భోజనంలా తయారవుతుందని వద్దనుకున్నారు. అందరికీ ఒకే పంక్తి. అవార్డులు ఏడాదికి గరిష్ఠంగా మూడు. 70 మార్కులు దాటినవాళ్లు లేకపోతే ఆ ఏడాది ఇవ్వరు. వంతుల పద్ధతిని విరిచింది ఈ ఒక్క వాక్యమే.

కమిటీలో ఐదుగురు: ఐక్యూఏసీ (కాలేజీ అంతర్గత నాణ్యతా విభాగం) కోఆర్డినేటర్, వేరే కాలేజీ నుంచి ఇద్దరు, వెనకటి అవార్డు గ్రహీత ఒకరు, కిందటేడు చదువు ముగించి వెళ్లిన పూర్వవిద్యార్థి ఒకరు. పూర్వవిద్యార్థి ఎందుకంటే, అతనికి ఇంటర్నల్ మార్కుల భయం లేదు. హెచ్‌ఓడీలు కమిటీలో ఉండరు. ఒక పేజీ నోటు ఇవ్వొచ్చు, మార్కులు వెయ్యకూడదు. అభ్యర్థికి వియ్యంకుడో, మేనల్లుడో, భార్యో కమిటీలో ఉంటే ముందే చెప్పి తప్పుకోవాలి. మన దగ్గర ఒకే కాలేజీలో బంధువులుండటం మామూలు. అది తప్పేం కాదు, దాచడం తప్పు.

క్యాలెండరు మీద ఒక మాట. ఈ తీరంలో అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. తిత్లీ దెబ్బకి పలాస చుట్టూ కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. అలాంటప్పుడు చూసే క్లాసు క్లాసూ కాదు, ఆ నెల హాజరు హాజరూ కాదు. అందుకే నామినేషన్లు జనవరిలో, పరిశీలన ఫిబ్రవరి, మార్చిల్లో, ఆరు పేజీలు ఏప్రిల్ ఆఖరుకి, కమిటీ తీర్పు జూన్‌లో, ప్రశంసాపత్రం రాయడం జూలైలో అని వెనక నుంచి లెక్కేసి పెట్టారు. ఆగస్టులో హడావుడిగా మొదలుపెట్టిన ఏ అవార్డయినా చివరికి బయోడేటా మీదే పడుతుంది. వారం రోజుల్లో తయారయ్యేది అదొక్కటే.

ఫీడ్‌బ్యాక్ లెక్క

పాత ఫారంలో ఇరవై ప్రశ్నలుండేవి. మొదటిదే "అధ్యాపకునికి సబ్జెక్టుపై పట్టు ఉన్నదా?" రెండో సెమిస్టర్ పిల్లవాడికి ఆ సంగతి తెలియదు. తెలిసేదల్లా మాటతీరు, ధైర్యం, నవ్వించడం. 1973లో అమెరికాలో అచ్చయిన ఒక ప్రయోగంలో ఒక నటుడికి డాక్టర్ ఫాక్స్ అని పేరుపెట్టి, అర్థంపర్థం లేని ఉపన్యాసం కంఠతా పట్టించి, చదువుకున్న శ్రోతల ముందు చెప్పించారు. వాళ్లు మంచి మార్కులే వేశారు. ఫారం ఏది అడిగితే అదే కొలుస్తుంది. ఆడ అధ్యాపకుల విషయంలో ఇంకో చిక్కు: అదే కచ్చితత్వానికి మగాయనకి "క్రమశిక్షణ" అని, ఆమెకి "కోపం ఎక్కువ" అని రాస్తారు.

కొత్త ఫారంలో ఎనిమిది ప్రశ్నలు, అన్నీ తెలుగులో, పిల్లవాడు కళ్లతో చూసినవాటి గురించే. దిద్దిన అసైన్‌మెంటు ఎన్ని రోజుల్లో చేతికొచ్చింది? అర్థం కాలేదని చెప్పినప్పుడు ఇంకో విధంగా చెప్పారా? ప్రశ్నపత్రంలో అడిగినవి క్లాసులో చేసినవాటికి దగ్గరగా ఉన్నాయా? ఫారం ఇచ్చేది వేరే డిపార్ట్‌మెంటు మనిషి, పీరియడ్ మొదటి పది నిమిషాల్లో, అధ్యాపకుడు గదిలో లేకుండా. పీరియడ్ చివర ఇస్తే బస్సు కోసం లేచినవాళ్లంతా ఒకే గడి కిందదాకా టిక్కు పెట్టి పోతారు. తరగతిలో 60 శాతం ఫారాలు రాకపోతే ఆ సెక్షన్ లెక్కలోకి తీసుకోరు.

ఇక సగటు. పీజీలో ఆరుగురు పిల్లలున్న క్లాసుకి 5కి 4.9 రావడం, డిగ్రీలో 58 మంది క్లాసుకి 4.5 రావడం ఒకటి కాదు. ఆరుగురిలో ఒక్కరి మనసు మారితే సగటు దూకుతుంది. అందుకని ప్రతి అధ్యాపకుడి ఖాతాలో కాలేజీ సగటున్న ఇరవై ఊహా ఫారాలు కలుపుతారు. కాలేజీ సగటు 4.1 అనుకుందాం. మొదటి వ్యక్తికి: 6 ఫారాలు × 4.9 = 29.4, దానికి 20 × 4.1 = 82 కలిపితే 111.4, దాన్ని 26తో భాగిస్తే 4.28. రెండో వ్యక్తికి: 58 × 4.5 = 261, దానికి 82 కలిపితే 343, 78తో భాగిస్తే 4.40. వరస తిరగబడింది. అలాగని 0.12 తేడాతో ఒకరు గొప్ప, ఒకరు తక్కువ అనడమూ అన్యాయమే. 0.2 లోపు తేడాని కమిటీ సమానంగానే చూస్తుంది.

పాస్ శాతం ఎందుకు ఒంటరిగా పనికిరాదు

మంచి సెక్షన్ సీనియర్లకి వెళ్లడం, బ్యాక్‌లాగ్‌లు (తప్పి మిగిలిన పేపర్లు) ఎక్కువున్న సెక్షన్ కొత్తగా చేరినవాళ్లకి రావడం ప్రతిచోటా ఉన్నదే. అందుకే ఒట్టి పాస్ శాతం చూడరు. అవే పిల్లలు అదే సెమిస్టర్‌లో మిగతా పేపర్లలో ఎలా చేశారో దాంతో పోలుస్తారు. ఈ పేపర్‌లో 78 శాతం, మిగతా నాలుగింట్లో సగటున 71 అయితే తేడా 7. వేరొకరి పేపర్‌లో 92 వచ్చి, ఆ పిల్లలకి మిగతావాటిలోనూ 93 వస్తుంటే అక్కడ ప్రత్యేకంగా జరిగింది తక్కువ.

ఇంకా ముఖ్యమైనది కింది వరస. మొదటి మిడ్‌లో (సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్ష) 30కి 10 లోపు వచ్చినవాళ్ల పేర్లు తీసి, రెండో మిడ్‌లో వాళ్లేమయ్యారో చూస్తారు. అరవై మందిలో 14 మంది అలా ఉంటే, 9 మంది 15 దాటారంటే ఆ మధ్య రెండు నెలల్లో ఏదో జరిగింది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, మిడ్ పేపరు తయారుచేసేదీ దిద్దేదీ ఆ అధ్యాపకుడే కాబట్టి, ఐదు జవాబుపత్రాలు తీసి అదే సబ్జెక్టు తెలిసిన ఇంకొకరితో పేర్లు కప్పి దిద్దిస్తారు. రెండు, మొదటి పరీక్షలో మరీ కిందున్నవాళ్లు రెండోసారి కొంత పైకి రావడం సహజం. మొదటిసారి జ్వరమో, బస్సు తప్పడమో ఉండొచ్చు. అందుకే పక్క సెక్షన్‌లో అదే వరస పిల్లలు ఎంత లేచారో చూసి, అంతకి పైన ఉన్నదానికే విలువ ఇస్తారు. ఈ రెండో జాగ్రత్త మొదట్లో ఎవరికీ తోచలేదు. ఇద్దరు అభ్యర్థుల "పెరుగుదల" పక్క సెక్షన్ పెరుగుదలతో సమానమని తేలాకే అది నిబంధనల్లోకి ఎక్కింది.

క్లాసులో కూర్చుంటే కనిపించేది

రెండు పరిశీలనలు: ఒకటి చెప్పి వెళ్లేది, ఒకటి ఫలానా వారంలో ఏ రోజైనా వెళ్లేది. ఇద్దరు పరిశీలకులు, ఒకరు ఆ సబ్జెక్టువారు, ఒకరు కానివారు. చేతిలో మార్కుల పట్టీ ఉండదు. ఐదేసి నిమిషాల గడులున్న కాగితం ఉంటుంది. ఒక్కో గడిలో ఎవరు మాట్లాడుతున్నారు, ఏ ప్రశ్న అడిగారు, అడిగాక ఎన్ని సెకన్లు ఆగారు, వెనక బెంచీలు ఏం చేస్తున్నాయి అన్నవే రాయాలి. "గంభీరమైన స్వరం", "ఆకట్టుకునే వ్యక్తిత్వం" లాంటివి రాస్తే కాగితం వెనక్కి వస్తుంది.

డిగ్రీ స్టాటిస్టిక్స్ క్లాసు ఒకటి. పాఠం ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. బల్ల మీద పలాస జీడిపప్పు పొట్లాలు రెండు, కెమిస్ట్రీ ల్యాబ్ నుంచి తెచ్చిన త్రాసు. ఒకటి డబ్ల్యూ 320 గ్రేడు, అంటే పౌనుకి (దాదాపు 454 గ్రాములకి) 300 నుంచి 320 పప్పులు తూగే సరుకు. రెండోది సైజులు కలగలిసిన విడి పప్పు. ఆరు గుంపులు ఒక్కో పొట్లం నుంచి 50 గ్రాములు తూచి, లెక్కపెట్టి, బోర్డు మీద రాశాయి. గ్రేడు సరుకు: 34, 33, 35, 34, 34, 33. విడి సరుకు: 27, 41, 30, 38, 36, 31. రెండు వరసల మొత్తమూ 203, సగటూ ఒకటే, 33.8. అధ్యాపకురాలు అడిగింది: "సగటు ఒకటే కదా, మరి కొనేవాడు రెండింటికీ ఒకే రేటు ఇస్తాడా?" ఆపైన ఏమీ మాట్లాడలేదు. పరిశీలకుడి కాగితం మీద "11 సెకన్లు" అని ఉంది. మూడో బెంచీ నుంచి ఒకమ్మాయి అంది: "ఇవ్వడు మేడమ్. దీన్లో ఏ గుప్పెడు తీసినా ఒక్కలాగే ఉంది. దాన్లో అలాగ నేదు." ఆ మాటనే, ఆ యాసతోనే బోర్డు మీద రాసి, దాని కింద సూత్రం మొదలుపెట్టింది. చివరి పన్నెండు నిమిషాలు సూత్రం.

పరిశీలకులిద్దరికీ దీనిమీద పడలేదు. సబ్జెక్టువారి ఆక్షేపణ: సిలబస్ ప్రకారం ఆ పీరియడ్‌లో మూడు లెక్కలు అవ్వాలి, ఒక్కటే అయింది. బయటివారి మాట: ఒక్కరూ నిద్రపోలేదు. ఈ రెండూ అభిప్రాయాలే. తేల్చింది తర్వాతి క్లాసులో పెట్టిన ఐదు నిమిషాల చిన్న పరీక్ష. సగటు సమానంగా ఉన్న రెండు వరసలిచ్చి, లెక్క చెయ్యకుండానే దేని విచలనం ఎక్కువో, ఎందుకో ఒక వాక్యంలో రాయమన్నారు. ఆ వాక్యాలు చదివాక సబ్జెక్టువారే తన నోటు మార్చి రాశారు. పరిశీలన తర్వాతి క్లాసులో చిన్న పరీక్ష అప్పటినుంచి అందరికీ తప్పనిసరి అయింది.

భాష సంగతి కూడా ఇక్కడే తెగింది. మొదటి విడతలో ఒక పరిశీలకుడు "ఇంగ్లిష్ మీడియం క్లాసులో తెలుగు వాడారు" అని మార్కులు కోశారు. కమిటీ ఆ కోత ఎత్తేసింది. పరీక్ష ఇంగ్లిష్‌లో రాయాలి కాబట్టి పారిభాషిక పదాలు, జవాబు రాసే పద్ధతి ఇంగ్లిష్‌లో రావాల్సిందే. భావం మాత్రం పిల్లవాడికి తెలిసిన మాటలోనే దిగుతుంది. వాడుక భాషలో చదువు చెప్పాలని జీవితమంతా పోరాడి, సవర పిల్లల కోసం సవర నేర్చుకుని పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట ఈ శ్రీకాకుళం జిల్లాలోదే. ఏటా ఆగస్టు 29న ఆయన జయంతి జరుపుతూనే, పిల్లల మాటలో పాఠం చెప్పినందుకు ఒక అధ్యాపకుడికి మార్కులు తగ్గించడం ఈ గడ్డ మీద జరగకూడదు.

మొదటి ఏడాది తప్పులు

విద్యార్థుల నామినేషన్లు తెరవగానే వాట్సాప్ గ్రూపుల్లో ప్రచారం మొదలైంది. ఒకే వాక్యం అక్షరం మారకుండా వందలసార్లు వచ్చింది. ఊరు, కులం, హాస్టల్ వారీగా గుంపులు కట్టారు. సంఖ్య లెక్కపెడతామని ఎవరూ చెప్పకపోయినా, లెక్కపెడతారనే అందరూ అనుకున్నారు. రెండో ఏడాది ఫారం మార్చారు: "ఒక రోజు, ఒక క్లాసు, అక్కడ జరిగిన ఒక్క విషయం రాయండి." పైన పెద్ద అక్షరాల్లో "ఎంతమంది రాశారన్నది చూడం" అని అచ్చువేశారు. వచ్చిన ఫారాలు బాగా తగ్గాయి, చదవదగ్గవి పెరిగాయి.

గెస్ట్ ఫ్యాకల్టీ పేర్లు మొదటి ఏడాది దాదాపు రాలేదు. వచ్చే ఏడాది ఉంటారో ఉండరో అని హెచ్‌ఓడీలు రాయలేదు, రాసుకునే ధైర్యం వాళ్లకీ లేదు. ఇప్పుడు ఒక మంచి విద్యార్థి నామినేషన్ చాలు, హెచ్‌ఓడీ సంతకం అక్కర్లేదు. అలాగే డబ్బు. అవార్డు మొత్తం సభలో ప్రకటించి, బిల్లుల కారణంగా నెలల తరబడి ఇవ్వకపోతే చెడ్డపేరు అవార్డుకే. సభకి ముందురోజు ఖాతాలో పడాలన్నది ఇప్పుడు నిబంధన, దేనికి ఖర్చుపెట్టారన్న లెక్క అడగరు.

ఈ ఫారాలేవీ సరిపోని చోట్లూ ఉన్నాయి. విజయనగరంలో 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా నడిచిన సంగీత కళాశాల లాంటి చోట గురువు ఎదుట కూర్చునేది కొద్దిమందే. అక్కడ సగటు లెక్కలకి అర్థం లేదు. ఏడాది మొదట్లో, చివర్లో అదే విద్యార్థి పాడిన అదే వర్ణం రికార్డు చేసి ఇద్దరు బయటి విద్వాంసులకి వినిపించడమే సరైన ఆధారం. చిత్రలేఖనానికీ, ల్యాబ్ శిక్షణకీ ఇలాంటి జత నమూనాలే పనికొస్తాయి.

ప్రశంసాపత్రం

అన్నింటికన్నా ఎక్కువ సమయం దీనికే పెట్టాలి, పెట్టేది మాత్రం చాలా తక్కువ. పాతవి ఇలా ఉండేవి: "అంకితభావంతో, క్రమశిక్షణతో విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధికి కృషి చేసినందుకు." ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది. ఇప్పటి నిబంధన: 120 మాటల లోపు, ఇంకో అధ్యాపకుడు మర్నాడు తన క్లాసులో చేసి చూడగలిగిన పని ఒక్కటైనా ఉండాలి. ఉదాహరణకి: "సగటు ఒకటే అయిన రెండు జీడిపప్పు పొట్లాలతో విచలనాన్ని పిల్లల చేతే కనిపెట్టించి, వాళ్ల మాటనే బోర్డు మీద రాసి సూత్రానికి వెళ్లినందుకు, మొదటి మిడ్‌లో వెనకబడ్డవారికి ప్రతి బుధవారం నాలుగు గంటలకి ఒకే ఒక లెక్కతో కూర్చున్నందుకు." సభలో చదివేది ఇదే. మిగతా ఉపన్యాసాలు తగ్గించి దీనికి సమయం ఇచ్చారు.

రానివాళ్లకీ ఉత్తరం వెళ్తుంది. పరిశీలన దాకా వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక పేజీ: క్లాసులో ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు, మార్కులు ఎక్కడ తగ్గాయి. ఈ ఉత్తరాలు జూన్‌లోనే, ఫలితం బయటికి రాకముందే వెళ్తాయి. సభ అయ్యాక వెళ్తే ఎవరూ విప్పరు. అవార్డు వచ్చినవాళ్లు ఐదేళ్ల దాకా మళ్లీ పోటీపడరు. ఆ ఏడాది డిసెంబరులో రెండు క్లాసులు తలుపు తీసి చెబుతారు, ఏ డిపార్ట్‌మెంటువాళ్లయినా వచ్చి వెనక కూర్చోవచ్చు. వాళ్ల అనుమతితో, పిల్లల పేర్లు కొట్టేసిన ఆరు పేజీలు లైబ్రరీ కౌంటరు దగ్గర ఒక ఫైలులో ఉంటాయి. ఫైలు మొదటి పేజీలో ఎవరు తీసి చదివారో సంతకం చేసే పట్టీ ఉంది. జనవరిలో నామినేషన్ ఫారాలు సరిచేసేటప్పుడు కమిటీ ముందుగా చూసేది ఆ పట్టీనే.